పాట తలలో నంబరు

సోమవారం మధ్యాహ్నం భోజనం పాటకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఫ్లూటు ఒక మలుపు తిరిగి పైకి వెళ్ళబోయి, వెళ్ళలేక, అక్కడే ‘టు టు టు’ అంటూ నిలబడిపోయింది. చొక్కాల ఫ్యాక్టరీ భోజనాల హాల్లో నలభై మంది ఆడవాళ్ళు నోట్లో ముద్ద నోట్లో ఉండగానే పైనున్న లౌడ్‌స్పీకరు వంక చూశారు.

“ఎవరైనా దానికి కాసిని మంచినీళ్ళు పట్టండే!” అంది జేబులు కుట్టే జేబులక్క.

రిపేరు బాబాయ్‌కి కబురు వెళ్ళింది. ఫ్యాను తిరగకపోయినా, కుళాయి కారినా, మిషను మొరాయించినా ఆ ఫ్యాక్టరీలో ఆయనే దిక్కు. చదువు ఐదో తరగతిలో ఆగింది. ఆగింది అనడం న్యాయం కాదు, మాస్టారి కుర్చీకి జిగురు పూసి ఆయనే ఆపించుకున్నాడు. యాభై మూడేళ్ళు వచ్చినా ఆ జిగురు చెయ్యి ఇంకా ఎండలేదు.

హాలు పక్కనే అద్దాల గది. అందులో ఇనుప బీరువాలో ఒక పాత కంప్యూటరు, ముసలాయన పళ్ళలా పచ్చబడి కూర్చుని ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి అది పాట మొదలుపెడుతుంది, మిషన్ల కరెంటు ఆగిపోతుంది. పాట చివరిదాకా చేరితేనే కరెంటు మళ్ళీ వస్తుంది. మధ్యలో ఆపితే దానికి కోపం, మళ్ళీ మొదటినుంచే ఎత్తుకుంటుంది. హాల్లో గడియారం లేదు. రిపేరు పేరుతో దించారు, రిపేరు చేయాల్సిన మనిషికి మాత్రం ఇవ్వలేదు. గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ మిగిలింది. ఫోన్లు, చేతిగడియారాలు గేటు దగ్గరే సంచీలో వేసి రావాలి. ఆ తెల్ల మచ్చ పక్కన అద్దం ఫ్రేములో, యాజమాన్యం, పనివాళ్ళు సంతకాలు పెట్టిన కాయితం ఉంటుంది: ‘మధ్యాహ్నం పాట మొదలై ముగిసేవరకు మిషన్లు ఆగి ఉండును.’

బాబాయ్ బీరువా తెరిచి మీట నొక్కాడు. పాట మొదటినుంచి అందుకుంది. హాల్లో చప్పట్లు.

“ఇంకోసారి భోజనం బాబాయ్! నీ కడుపు చల్లగా!”

“నా కడుపు సంగతి సరే, మీ డబ్బాల్లో నాకేమైనా మిగిల్చారా?”

అప్పుడొచ్చాడు మేనేజరు. మెడలో తాడుకి స్టాప్‌వాచీ. ఆయన అసలు పేరు జీతాల కాయితం మీద ఉంటుందిగానీ ఫ్యాక్టరీలో అందరికీ స్టాప్‌వాచ్ సారే. ఎక్కిళ్ళ పాట మళ్ళీ అదే మలుపులో ఇరుక్కుంటే ఆయన ముఖం కూడా అక్కడే ఇరుక్కుంది.

“ఏంటిది?”

“డిస్కులో పాట ఉన్నచోట చెడిపోయింది సారు. ఈ పూటకి వైరు కలిపి మిషన్లకి కరెంటు నేరుగా ఇస్తాను. పాట ఇంకెక్కడైనా ఉంటే తెప్పించండి, మార్చి పెడతాను.”

సాయంత్రం నాలుగింటికి సారు తన ఫోనులోంచి పాట బాబాయ్‌కి పంపించాడు. దాంతోపాటు ఒక చీటీ చేతిలో పెట్టాడు. “ఫైలు తలలో, అంటే దాని మొదట్లో, ఒక నంబరు ఉంటుందట. అక్కడ నూట డెబ్భై ఐదు పెట్టమని హెడ్డాఫీసు నుంచి వచ్చింది. పాత మిషనుకి అదైతే సరిపోతుందట.”

“అలాగే సారు. మీరు ఐదొందలు పెట్టమన్నా పెడతాను.”

“అంత పట్టదు,” అన్నాడు సారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. బాబాయ్ చూశాడు, చూసి తన జోకుకే నవ్వాడనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కొత్త పాటని పాత మిషనుకి తినిపించడమంటే పళ్ళు లేనివాళ్ళకి అన్నం మెత్తగా పిసికి పెట్టినట్టే. రెండు చెవులకీ వేరువేరుగా ఉన్న పాటని కలిపి ఒక్కటి చేశాడు. మరీ సన్నటి శబ్దాలు కోసేశాడు, లేకపోతే పాత మిషను గొంతులో అవి గరగరలాడతాయి. సెకనుకి నలభై నాలుగు వేల ముక్కలున్న పాటని పదకొండు వేలకి తగ్గించాడు. తగ్గించగానే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపించింది. కొంచెం గట్టి చేశాడు. పాత మిషనుకి ఎనిమిది అక్షరాలు దాటిన పేరు చదవడం రాదు కాబట్టి పేరు పొట్టి చేశాడు. చివరికి ఫైలు తలలో, సారు చీటీ చూసి, నూట డెబ్భై ఐదు కొట్టాడు.

ఇక మోయడం. ఆ మిషనుకి ఫ్లాపీలు తప్ప ఏమీ ఎక్కవు. పాటని ముక్కలు చేసి తొమ్మిది ఫ్లాపీలు నింపితే, ఇంకా చిటికెడు మిగిలింది. ఆ చిటికెడు కోసం పదో ఫ్లాపీ.

పక్క వాటాలో ఉండే వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్న భార్య. అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది.

“ఏమిటి మరిదిగారూ, బిస్కట్లు పరిచారు?”

“రేపు మీరు తినబోయే పాట వదినా. పది పలకలు.”

“నీ పాటకేంగానీ, మా లైన్లో మూడో ఫ్యాను చూడు. అది తిరుగుతోందో మొక్కుకుంటోందో తెలియడం లేదు.”

మంగళవారం ఒంటిగంటకి పాట మొదలైంది. ఎక్కిళ్ళు లేవు. బాబాయ్ అద్దాల గదిలోంచి బయటికొచ్చి పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

జేబులక్క ఒక చెవి పైకెత్తింది. “ఏం బాబాయ్, పాట బస్సు కోసం పరిగెడుతోందా?”

“ముసలి మిషనుకి కొత్త రక్తం ఎక్కించాను. హుషారు ఉండదా మరి?”

“హుషారు కాదు, ఎవరో గిల్లినట్టుంది.”

అందరూ నవ్వారు. బాబాయే ఎక్కువ నవ్వాడు. పక్కన కూర్చున్న వదిన మాత్రం నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, మరుగుదొడ్ల దగ్గర లైనులో నిలబడింది. మరుగుదొడ్లు మూడు, మనుషులు నలభై, పాట వేళ తప్ప లేవనివ్వరు. అందుకని ఎవరి చోటు వాళ్ళకి పాటలో ఉంటుంది. ఫ్లూటు ఆగి వయొలిన్ ఎత్తుకునేసరికి వదిన తలుపు దగ్గరికి చేరాలి. ఆ రోజు వయొలిన్ ఎత్తుకునేసరికి ఆమె ముందు ఇంకా నలుగురున్నారు.

లోపలికి వెళ్ళగానే పాట అయిపోయింది. నలభై మిషన్ల లైట్లు ఒక్కసారి వెలిగాయి. వదిన తడి చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి సూపర్‌వైజరమ్మ బోర్డు దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఎర్ర పెన్ను. ఆలస్యానికొక టిక్కు. మూడు టిక్కులు పడితే మర్నాడు గేటు దాటి లోపలికి రానివ్వరు. వదిన పేరు పక్కన పోయిన నెల బస్సు చెడిపోయిన రోజుది ఒకటి ఉంది. ఇప్పుడు రెండు.

“పాట ఇప్పుడే అయిపోయిందేంటమ్మా?” అంది వదిన.

“నన్నడుగుతావేం? నేనూ లైన్లోంచి మధ్యలో వచ్చేశాను,” అంది సూపర్‌వైజరమ్మ మెల్లగా, సారు వినకుండా.

బుధవారం వదిన పొద్దుటినుంచి నీళ్ళు తాగలేదు. భోజనం సగం తిని డబ్బా మూసేసి, పాట సగంలో ఉండగానే వచ్చి మిషను ముందు కూర్చుంది. బాబాయ్ మూడో ఫ్యాను కింద నిచ్చెన మీద ఉన్నాడు.

“ఏం వదినా, మిషనంటే అంత ప్రేమా? అన్నయ్యకి చెప్పనా?”

వదిన సూదిలోకి దారం ఎక్కించింది. కరెంటు వచ్చింది. కాలరు ముక్క సూది కింద పెట్టి తిప్పింది. కాలరు కొన దగ్గర సూది ఆపి, గుడ్డ తిప్పి, మళ్ళీ నడపాలి. ఇరవై ఏళ్ళ చెయ్యి, కళ్ళు మూసుకున్నా తప్పదు. మూడున్నర దాటాక ఆమె మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని ముందుకు వంగి కూర్చోవడం నిచ్చెన మీదనుంచి బాబాయ్ చూశాడు. పెడలు మీది పాదం వణుకుతోంది. కొన దగ్గర కుట్టు వంకర పోయింది. ఆమె కుట్టు విప్పింది, మళ్ళీ కుట్టింది, అదీ వంకర పోయింది. నుదుటి మీద చెమట. సూపర్‌వైజరమ్మ అటు చూసి, ముఖం తిప్పుకుంది.

బాబాయ్ నోట్లో ఒక జోకు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాడు. చేదుగా దిగింది.

సాయంత్రం ఇంటికి రాగానే వదిన ముందు బాత్రూముకి పరిగెత్తింది. తరవాత బాబాయ్ వాటా గుమ్మంలోకి వచ్చి నిలబడి, పాట కూనిరాగం తీసింది. ఫ్లూటు ముక్క, నెమ్మదిగా, పాత పద్ధతిలో.

“ఇది మా పాట. నువ్వు పెట్టింది ఇది కాదు మరిదీ. స్వరం తప్పలేదు. ఎవడో వెనకనుంచి తరుముతున్నాడు.”

“నీ చెవికి...”

“నా చెవికి కాదు, నా కడుపుకి తెలుసు. ముందు ఇద్దరుండాల్సిన చోట నలుగురున్నారు.”

బాబాయ్ లాప్‌టాప్ తెరిచాడు. పొయ్యి పక్కనున్న టైమరు తెచ్చి పెట్టాడు. ఫోనులోంచి వచ్చిన పాట పెట్టాడు. ఇరవై నిమిషాలు. తను మార్చిన పాట పెట్టాడు. ఇద్దరూ చివరిదాకా విన్నారు. పదిహేడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

“ఒక్క ముక్కా కోయలేదు వదినా. ఒట్టు. మొదలూ ఉంది, చివరా ఉంది.”

“మరి ఆ రెండు నిమిషాలూ ఎవరు తిన్నారు?”

బాబాయ్ ఫైలు తల తెరిచాడు. నూట డెబ్భై ఐదు. నూట డెబ్భై నాలుగు చేసి చూశాడు, పాట పదమూడు సెకన్లు పెరిగింది. డెబ్భై మూడు, ఇంకో పదమూడు. ఒక్కో అంకె తగ్గించుకుంటూ నూట అరవై ఐదుకి వచ్చేసరికి సరిగ్గా ఇరవై నిమిషాలు. చీటీ జేబులోంచి తీసి లాప్‌టాప్ పక్కన పెట్టాడు. సారు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది.

“నా చేత్తోనే కొట్టాను,” అన్నాడు. చీటీ వంక చూస్తూ మళ్ళీ అన్నాడు, “చూసుకుంటూ కొట్టాను వదినా.”

వదిన చీటీ అందుకుని చదివింది. ఆమె తిట్టి ఉంటే ఆయనకి బాగుండేది.

అంతలో బాబాయ్ కళ్ళలో పాత వెలుగు వచ్చింది. “దీన్ని నూట యాభై ఐదు చేసేస్తాను. ఇరవై రెండు నిమిషాలు వస్తుంది. తిన్నది కక్కిస్తాను. సారుకి తెలియను కూడా తెలియదు.”

“స్టాప్‌వాచీ మెడలో వేసుకున్నవాడికి తెలియదా?” అంది వదిన. “తెలియకపోయినా వద్దు. అతను చాటుగా తీశాడు, నువ్వు చాటుగా పెడతావు. రేపు ఇంకొకడు చాటుగా తీస్తాడు. చాటు పని నాకొద్దు మరిదీ. నలభై మందికీ తెలియాలి. పాటని తరుముతున్నారని చెవిటివాళ్ళకి కూడా తెలియాలి.”

“చెవిటివాళ్ళకి కూడానా?” అన్నాడు బాబాయ్. గడ్డం గోక్కున్నాడు. జిగురు చెయ్యి దురద పెట్టింది.

గురువారం పొద్దున్న సారు గదికి వెళ్ళాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వీలైనంత అమాయకంగా నిలబడ్డాడు.

“సారు, పాట కొంచెం స్పీడుగా పోతోందని ఆడవాళ్ళు గోల చేస్తున్నారు.”

“ఒప్పందం చదివావా? ‘పాట మొదలై ముగిసేవరకు.’ నిమిషాలని రాసుందా?”

“లేదు సారు.”

“పాటలో ఏమైనా కోశామా?”

“వెంట్రుకంత కూడా లేదు సారు.”

“మరింకేం? స్పీడెంతన్నది ఒప్పందంలో లేదు. పైగా పెట్టింది నువ్వు. పనుల రిజిస్టర్లో నీ సంతకమే ఉంది.”

“అదే సారు నా భయం. వాళ్ళు నా మీద పడితే నోరు తిరగదు. చదువు లేనివాణ్ణి. మీరు చెప్పారే, ఆ ముక్క రిజిస్టర్లో మీ చేత్తో రాసిస్తే చూపించుకుంటాను.”

సారుకి తన మాట తనకే ముచ్చటేసింది. పెన్ను తీసి చక్కటి దస్తూరీతో రాశాడు: ‘పాట వేగం ఎంత అయినను, మొదలై ముగిసేవరకు మాత్రమే విరామము.’ కింద సంతకం, తేదీ, స్టాంపు కూడా.

“సిరా ఆరనివ్వండి సారు,” అని బాబాయ్ ఆ పేజీ మీద నోటితో ఊదుకుంటూ బయటికొచ్చాడు.

శుక్రవారం ఒంటిగంటకి పది నిమిషాలుందనగా బీరువా తెరిచి, ఫైలు తలలో యాభై ఆరు కొట్టాడు.

ఒంటిగంటకి లౌడ్‌స్పీకర్లోంచి ఏదో లేచింది. అది ఫ్లూటంటే ఎవరూ నమ్మరు. రేవు వదిలి వెళ్ళలేక వెళుతున్న ఓడ మూలిగినట్టుంది. హాల్లో నలభై చేతులు గాల్లో ఆగిపోయాయి. జేబులక్క ముందు భయపడింది, తరవాత గుర్తుపట్టింది, ఆ తరవాత బల్ల మీద తల పెట్టి భుజాలు ఊగేలా నవ్వింది.

“ఒసేయ్, మన పాటేనే! గేదె మింగేసింది!”

వదిన లేచి నిలబడింది. గొంతు పెద్దది చేసి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు.

“మంగళవారం నుంచి మన పాటని తొందరపెట్టి రెండు నిమిషాలు తీసేశారు. ఒక నంబరు మారిస్తే చాలట. ఇవాళ అదే నంబరు ఇటువైపు మార్చారు. పాట మాత్రం మొత్తం ఉంది. ముగిసేవరకు మనం కూర్చుంటాం. అంతే.”

కూర్చుంది. డబ్బా మూత తీసి, మూడు రోజుల తరవాత మెల్లగా నమిలి తిన్నది. నీళ్ళ సీసా మొత్తం తాగింది.

ఇరవై నిమిషాలకి స్టాప్‌వాచ్ సారు వచ్చాడు. పాట అప్పటికి ఇంకా సగం కూడా కాలేదు. ఫ్లూటు ఇంకో మలుపు తిరగడానికి కాళ్ళు కూడదీసుకుంటోంది.

“ఆపు దాన్ని!”

“ఆపితే మొదటినుంచి పాడుతుంది సారు.”

సారు వినకుండా తనే వెళ్ళి మీట నొక్కాడు. ఓడ మళ్ళీ రేవుకొచ్చి మొదటి మూలుగు మూలిగింది. హాలు హాలంతా గొల్లుమంది.

“కరెంటు డైరెక్టుగా ఇవ్వు! బీరువాలో వైరు కలుపు!”

“కలపను సారు.”

“ఏంటీ?”

“పాట ముగియలేదు కదండీ.” బాబాయ్ చంకలోంచి రిజిస్టరు తీసి తెరిచి, అద్దం ఫ్రేము కిందున్న బల్ల మీద పెట్టాడు. “‘వేగం ఎంత అయినను.’ మీ దస్తూరీయే. స్టాంపు కూడా పడింది. మీరే కలుపుకోండి, నేను అడ్డం రాను.”

సారు బీరువాలోని వైర్ల వంక చూశాడు. ఎర్రవి, నల్లవి, పచ్చవి. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. హాల్లో ఎవరూ నవ్వడం లేదిప్పుడు. నలభై మంది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. వాళ్ళ వెనక నలభై మిషన్లు చీకటిగా ఉన్నాయి. సూపర్‌వైజరమ్మ ఎర్ర పెన్ను మూత పెట్టి, వెళ్ళి వదిన పక్కన బెంచీ మీద కూర్చుంది.

పావుగంట అలాగే గడిచింది. పాట మూలుగుతూనే ఉంది.

“ఏ నంబరు పెట్టాలి?” అన్నాడు సారు చివరికి. బాబాయ్ని అడిగాడు.

బాబాయ్ నోరు తెరిచేలోపు వదిన అంది, “మీకు తెలుసు కదా సార్. ముందు ఉన్న నంబరేదో తెలియకుండా పది ఎలా కలిపారు?”

సారు చెవులు ఎర్రబడ్డాయి. అద్దాల గదిలోకి వెళ్ళి కీబోర్డు ముందు వంగాడు. స్టాప్‌వాచీ వేలాడుతూ మీటలకి తగులుతుంటే తీసి వీపు వైపు వేసుకున్నాడు. ఒంటి వేలితో ఒకటి, ఆరు, ఐదు కొట్టాడు. అద్దంలోంచి నలభై మందీ చూశారు.

పాట మొదటినుంచి మొదలైంది. ఈసారి ఫ్లూటు ఫ్లూటులాగే ఉంది. ఎవరూ తరమడం లేదు, ఎవరూ ఈడ్వడం లేదు. ఎవరో “హమ్మయ్య” అన్నారు.

వదిన లేచి లైనులో తన చోట నిలబడింది. ఫ్లూటు ఆగి వయొలిన్ ఎత్తుకుంది. ఆమె తలుపు దగ్గరుంది. వయొలిన్ రెండోసారి కిందికి దిగేసరికి చేతులు కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుంటూ మెల్లగా నడిచి వచ్చింది. మిషను ముందు కూర్చుని, కాలరు ముక్క సూది కింద సర్ది, పెడలు మీద పాదం పెట్టి ఆగింది. చివరి స్వరం పూర్తిగా ఆరిపోయింది. లైటు వెలిగింది. పాదం కదిలింది.

సూపర్‌వైజరమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి, బొటనవేలు తడి చేసుకుని, వదిన పేరు పక్కన మంగళవారం టిక్కుని రుద్దేసింది. బస్సుది వదిలేసింది. బస్సు నిజంగానే ఆలస్యమైంది కదా.

సాయంత్రం గేటు దగ్గర బాబాయ్ పాసు తీసేసుకున్నారు. సోమవారం నుంచి రావద్దన్నారు. బీరువా తాళం కూడా అడిగారు. “ఫ్యాను మూడోది జాగ్రత్త, దానికి ఇంకా మొక్కులు తీరలేదు,” అని తాళం ఇచ్చేసి సైకిలెక్కాడు.

తరవాతి వారం మధ్యలో, ఒంటిగంట వేళ, కొత్తగా చేరిన పాత రేడియోల దుకాణం పని మీద వెళుతున్నట్టు నటిస్తూ ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన సైకిలు ఆపాడు. పాట గోడ దాటి వచ్చింది. చేతిగడియారం చూసుకుంటూ చివరిదాకా విన్నాడు. ఇరవై నిమిషాలు. ఒక్క సెకను అటూ ఇటూ లేదు.

సాయంత్రం వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎలా ఉంది వదినా మీ పాట? నేను లేకపోయేసరికి ఏడుస్తోందా?”

“బానే ఉంది. ఒప్పందం ఫ్రేము అద్దం మీద సుద్దతో నంబరు రాశాం, నూట అరవై ఐదు అని. సారు సాయంత్రం తుడిపిస్తాడు. మధ్యాహ్నానికి మళ్ళీ ఉంటుంది. రోజుకొకరి దస్తూరీ. ఇవాళ జేబులక్క వంతు, ఐదుకి తోక కూడా పెట్టింది.”

“సుద్ద కూడా గేటు దగ్గర పెట్టి రమ్మంటే?”

వదిన జాకెట్టులోంచి బిళ్ళంత సుద్దముక్క తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. గుడ్డ మీద కాలరు గీత గీసే సుద్ద, ఒక అంచు అరిగిపోయి పల్చగా ఉంది.

“ఎలా అంటాడు మరిదీ? ఇది లేకపోతే కాలరు ఎక్కడ కత్తిరించాలో ఎవరికి తెలుస్తుంది?”